మోతాదు రాయని మందు

ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా షుగర్ ఓపీ వరసలో ఓ అరగంట నిలబడితే చాలు, ఆమె కనిపిస్తుంది. యాభై దాటిన వయసు, చేతిలో బట్టల కొట్టువాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు, అందులో మూడేళ్ల చీటీలు, సగం ఖాళీ అయిన మాత్రల అట్టలు. షుగర్‌కు రెండు రకాలు, బీపీకి ఒకటి, కొలెస్టరాల్‌కు ఒకటి, మోకాళ్ల నొప్పికి ఒకటి, ఆ నొప్పి మాత్ర కడుపులో మంట పెట్టకుండా పరగడుపున వేసుకునేది ఇంకొకటి. ప్రతి మందుకూ ఎదురుగా ఎన్ని మిల్లీగ్రాములో, పొద్దునో రాత్రో, తిండికి ముందో తర్వాతో రాసి ఉంటుంది. అన్నిటికీ కింద ఇంకో పంక్తి: ‘బరువు తగ్గాలి’. దానికి మోతాదు లేదు. ఎన్నాళ్లో లేదు. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో లేదు. “ఎట్టా తగ్గేది సార్, తినేదే నాలుగు ముద్దలు” అని ఆమె నోరు తెరిచేలోపే తర్వాతి పేరు పిలుస్తారు.

పైన రాసిన ఆరు మందులకూ మూలం చాలావరకు ఆ చివరి పంక్తిలోనే ఉందని డాక్టరుకు తెలుసు. తెలిసీ వైద్యం రాయకపోవడానికి ఇన్నాళ్లూ ఒక సాకు ఉండేది. ఉన్న మందులు అంతంత మాత్రం, ఆపరేషన్ అందరికీ కుదరదు, మంచి మందు వచ్చినా దాని ధర ఆకాశంలో. బరువు తగ్గించే సూది మందు సెమాగ్లూటైడ్‌పై మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చిలో తీరిపోవడంతో ఆ సాకుకు కాలం చెల్లింది. స్థూలకాయాన్ని అందచందాల పద్దులోంచి తీసి జబ్బుల పద్దులో రాయాలని, దానికి సర్కారు దవాఖానాలోనే పద్ధతైన వైద్యం పెట్టాలని మేము కోరుతున్నాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మహిళలు, 31.1 శాతం పురుషులు అధిక బరువుతో ఉన్నారు. తెలంగాణలో మహిళలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. దేశం సగటు మహిళల్లో 24, పురుషుల్లో 22.9. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత. ఒకే ఇంట్లో, చాలాసార్లు ఒకే ఒంట్లో, కొవ్వు ఎక్కువ, నెత్తురు తక్కువ. ‘తిని కూర్చుంటే రాదా మరి’ అనే ఎకసెక్కానికి ఈ రెండో అంకె దగ్గర నోరు పడిపోవాలి. కంచంలో అన్నం గుట్టగా, పప్పు పలచగా, గుడ్డు వారానికోసారి ఉండే ఇంట్లో పుట్టే బరువిది.

పైగా ఈ సర్వే బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే అంకె) 25 దాటిన వాళ్లనే లెక్కించింది. మనవాళ్లకు 23 దాటితే చాలు అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని మన వైద్యులు 2009లోనే గీత గీసుకున్నారు. ఎందుకో అర్థం కావాలంటే 2004లో లాన్సెట్ పత్రిక వేసిన ఒక ఫొటో చాలు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, ఇంగ్లండ్ వైద్యుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. కాళ్లూ చేతులూ సన్నగా, పొట్ట మాత్రం ముందుకొచ్చిన మన బాబాయిలకు తూకం యంత్రం అబద్ధం చెబుతుంది. దర్జీ టేపు నిజం చెబుతుంది. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటిన నడుం చుట్టుకొలత ప్రమాద సూచన.

ఆ పొట్ట లోపల జరిగేది తెలిస్తే చికిత్స ఎందుకో తెలుస్తుంది. చర్మం కింద చోటు చాలని కొవ్వు కాలేయంలోకి, క్లోమంలోకి చేరుతుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు, రాత్రంతా నెత్తుట్లోకి చక్కెర వదులుతూనే ఉంటుంది. తెల్లారి పరగడుపు షుగర్ ఎక్కువ రావడానికి రాత్రి తిన్న లడ్డూయే కారణం కానక్కర్లేదు. గొంతు చుట్టూ చేరిన కొవ్వు నిద్రలో గాలిదారిని నొక్కుతుంది. ఇంట్లోవాళ్లు గురక అని నవ్వుకునేది చాలామందిలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, దాని వెనకే బీపీ. ఇక మోకాలు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలిపై పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది.

అందుకే బరువు వైద్యాన్ని కిలోల్లో కొలవకూడదంటాం. అయిదు శాతం తగ్గితే అండాశయాల్లో నీటితిత్తుల సమస్య (పీసీఓఎస్) ఉన్న చాలామంది అమ్మాయిలకు నెలసరి గాడిన పడుతుంది. ఏడు నుంచి పది శాతం తగ్గితే కాలేయంలో వాపు దిగడం మొదలవుతుంది. బ్రిటన్‌లో 2017లో వెలువడిన డైరెక్ట్ అధ్యయనం ఇంకో మెట్టు పైకి వెళ్లింది. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని వాళ్ల మందులు ఆపించి, మూడు నుంచి అయిదు నెలల పాటు రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారంపై ఉంచి, తర్వాత మెల్లగా మామూలు తిండికి తెచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది. 15 కిలోలు, ఆపైన తగ్గిన వాళ్లలో అయితే 86 శాతం. రెండో ఏటికి మొత్తమ్మీద 36 శాతానికి దిగిందన్నదీ దాచక్కర్లేదు. నెలలకొద్దీ పర్యవేక్షణ, తూకం, సలహా ఉంటేనే ఆ మాత్రం. ‘తగ్గాలి’ అని చీటీ మీద గిలికితే కాదు.

ఇప్పుడు సూది మందుల సంగతి. భోజనం చేశాక పేగులు విడిచే జీఎల్‌పీ-1 అనే హార్మోనును పోలిన మందులివి. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, ఇక చాలనే కబురు మెదడుకు ముందే చేరుతుంది. సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 72 వారాల్లో 20 శాతం వరకు బరువు తగ్గినట్లు పెద్ద పరీక్షల్లో తేలింది. మాకు ఇంకా ముఖ్యంగా కనిపించే ఫలితం 2023లో వచ్చింది. గుండె జబ్బు ఉండి, షుగర్ లేని 17,604 మంది అధిక బరువు రోగులపై జరిపిన పరీక్షలో సెమాగ్లూటైడ్ తీసుకున్న వాళ్లకు గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం 20 శాతం తగ్గాయి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు టిర్జెపటైడ్‌ను అమెరికా 2024 డిసెంబరులో, ముదిరిన ఫ్యాటీ లివర్‌కు సెమాగ్లూటైడ్‌ను 2025 ఆగస్టులో అనుమతించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఈ తరహా మందులను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. సన్నబడే సరదా కోసం ఎవరూ ఆ జాబితా రాయరు.

ఈ మందులు ఆపేస్తే ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చేస్తుందన్నది నిజం. దాన్ని పట్టుకుని ‘ఇదంతా బోగస్’ అనే వాళ్లు బీపీ మాత్ర ఆపితే బీపీ ఎందుకు పెరుగుతుందో ఆలోచించుకోవాలి. కానీ ఏళ్ల తరబడి వాడాల్సిన మందని మొదటి రోజే రోగికి చెప్పాలి. కూతురి పెళ్లికి మూడు నెలల ముందు మొదలుపెట్టి, అప్పగింతలయ్యాక ఆపేసే వ్యవహారం కాదిది.

మా భయమంతా ఇక్కడే. మన ఊళ్లలో ఈ మందు దవాఖానా కంటే ముందు బ్యూటీ క్లినిక్‌కు చేరుతుంది. జిమ్ ట్రైనర్ చెబుతాడు, తెలిసినవాళ్ల మందుల షాపు ఇస్తుంది, యూట్యూబ్ మోతాదు నేర్పుతుంది. సెమాగ్లూటైడ్‌ను 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున పెంచాలి. ఆత్రంగా పెంచితే వాంతులతో మంచం పడతారు. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమం వాపు రావచ్చు. థైరాయిడ్‌లో ఒక రకం క్యాన్సర్ ఇంట్లో ఎవరికైనా ఉంటే అసలు వాడకూడదు. పిల్లలు కావాలనుకునే వాళ్లు కనీసం రెండు నెలల ముందే ఆపాలి. మన దగ్గర షుగర్ రోగుల్లో ఎందరో గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంటారు. దాని మోతాదు తగ్గించకుండా ఈ సూది మొదలుపెడితే షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు. కవరులోని చీటీలన్నీ ముందేసుకుని చూసే డాక్టరు ఉంటేనే ఇది తెలుస్తుంది, కౌంటర్ వెనక కుర్రాడికి తెలియదు. నకిలీ సెమాగ్లూటైడ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లోనే హెచ్చరించింది కూడా.

ఇంకో ప్రమాదం కంచంలోనే ఉంది. ఆకలి చచ్చిపోయిన మనిషి ఆ పూటకు రెండు ముద్దల మజ్జిగన్నం తిని లేచిపోతాడు. తూకంలో కిలోలు తగ్గుతాయి, వాటిలో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. అసలే కండ తక్కువ మనకు. ఈ మందు వాడేవాళ్లు గుడ్డో, చేపో, గట్టిపప్పో ముందు తిని అన్నం చివర్న కలుపుకోవాలి. విస్తట్లో వడ్డన వరస తిరగేసినట్టే. ఈ ఒక్క మాట చెప్పడానికి ఆహార నిపుణులు కావాలి, మన జిల్లా ఆసుపత్రుల్లో వాళ్లు ఎందరున్నారో వైద్య శాఖలు లెక్క తీసి చెప్పాలి. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. శిక్షణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు.

‘పదిహేను రోజుల్లో పది కిలోలు’ అని కరెంటు స్తంభాలకు వేలాడే బోర్డుల సంగతీ చెప్పుకోవాలి. అభ్యంతరకర ఔషధ ప్రకటనలపై 1954లో చేసిన చట్టం, ఫలానా జబ్బులకు మందుందని ప్రకటించుకోవడం నేరమంటూ ఒక జాబితా ఇచ్చింది. అందులో స్థూలకాయం ఉంది. డెబ్బై ఏళ్లు దాటినా ఆ బోర్డులు దిగలేదు. అలాంటివి కొన్ని పత్రికల పేజీల్లోనూ కనిపిస్తుంటాయి, ఆ పాపంలో పత్రికలకు వాటా లేదని మేమనలేం.

డబ్బు విషయానికొద్దాం. 2025 మార్చిలో టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో మన దేశానికి వచ్చినప్పుడు చిన్న మోతాదు సీసా 3,500 రూపాయలు, తర్వాతిది 4,375. వారానికో సీసా లెక్కన నెలకు 14 వేల నుంచి 17,500. టిర్జెపటైడ్‌కు పేటెంట్ ఇంకా ఉంది కాబట్టి అక్కడ కంపెనీ మాటే చెల్లుతుంది. సెమాగ్లూటైడ్‌కు ఆ అడ్డు లేదు. పేటెంట్ లేని దేశాలకు దీన్ని తయారుచేసి ఎగుమతి చేసుకోవచ్చని హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్‌కు ఢిల్లీ హైకోర్టు 2025 డిసెంబరులోనే అనుమతించింది. మన ఊరి ఫ్యాక్టరీలో తయారై ఓడెక్కి వెళ్లే మందు మన ఊరి దవాఖానాలో దొరక్కపోతే అది ధర తప్పు కాదు, టెండరు పిలవని వాళ్ల తప్పు. రెండు రాష్ట్రాల కొనుగోలు సంస్థలు టోకున కొంటే రేటు ఇంకా దిగుతుంది. ఈ మందు నింపిన సూది పెన్నులను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో దాచాలి. టీకాలు దాచే ఏర్పాటున్న ఆరోగ్య కేంద్రాలకు అదేమీ కొత్త విద్య కాదు.

బీమా నియమాలు ఇంకా తమాషాగా ఉన్నాయి. 2019లో బీమా నియంత్రణ సంస్థ పెట్టిన నిబంధన ప్రకారం బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి తీవ్రమైన గుండె జబ్బో, నిద్రలో ఊపిరి ఆగే జబ్బో, అదుపు కాని షుగరో ఉంటే బరువు తగ్గించే ఆపరేషన్‌కు (బేరియాట్రిక్ సర్జరీ) బీమా వర్తిస్తుంది. ఆసియా వాళ్లకు 27.5 దాటితే చాలు ఆపరేషన్‌ను ఒక దారిగా చూపాలని ప్రపంచ సర్జన్ల సంఘాలు 2022లో చెప్పాయి. మన అంకె మాత్రం కదల్లేదు. ఆరోగ్యశ్రీ సంగతీ అంతే. 2007లో పుట్టినప్పటి నుంచీ అది ఆసుపత్రి మంచం చుట్టూ అల్లిన పథకం. తెలంగాణలో పరిమితిని 10 లక్షలకు పెంచినా స్వభావం మారలేదు. గుండెకు స్టెంటు వేస్తే సొమ్మిస్తుంది, స్టెంటు దాకా రాకుండా ఆపే సూదికి ఇవ్వదు.

అందరికీ ఉచితంగా పంచమని మేమనడం లేదు, ఖజానా తట్టుకోలేదు. షుగర్‌తో పాటు గుండె జబ్బున్న స్థూలకాయులు, ఫ్యాటీ లివర్ ముదిరిన వాళ్లు, ఊపిరి ఆగే జబ్బుతో బీపీ లొంగని వాళ్లు ముందు రావాలి. ఆరు నెలల్లో అయిదు శాతమైనా బరువు తగ్గకపోతే ఆపేయాలన్న షరతు పెట్టుకోవచ్చు. తగ్గిన వాళ్ల చీటీలో షుగర్ మాత్రలు, నొప్పి మాత్రలు ఎన్ని కొట్టేశారో రాసి పెట్టుకుంటే ఖర్చెంతో, మిగిలిందెంతో ఏడాదికల్లా ఆర్థిక శాఖకే తేలుతుంది. బోధనాసుపత్రుల్లో మొదలుపెట్టి జిల్లాలకు తేవచ్చు.

కొత్త సర్వే కూడా అక్కర్లేదు. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరి ఇంటికీ వెళ్లి ఆశా కార్యకర్త నింపే ఫారంలో నడుం చుట్టుకొలతకు ఒక గడి ఇప్పటికే ఉంది. ఆడవాళ్లకు 80 దాటితే ఒక మార్కు, 90 దాటితే రెండు. మగవాళ్లకు 90 దాటితే ఒకటి, 100 దాటితే రెండు. మొత్తం నాలుగు దాటితే మిగతావాళ్ల కంటే ముందుగా బీపీ, షుగర్ పరీక్షకు పంపుతారు, తేలితే మాత్రలిస్తారు. నడుం గడిలో రెండు మార్కులు పడ్డ మనిషిని ఆ నడుం కోసమే ఫలానా రోజు, ఫలానా గదికి వెళ్లమని చెప్పడానికి మాత్రం ఆ ఫారంలో ఒక్క గీత కూడా లేదు.