గుహలో స్థలం లేదు

సూపర్‌హీరోల దగ్గర కొలువు చేసే టీనేజీ అమ్మాయిలకు అన్యాయం జరుగుతోందని కామిక్స్ అభిమానులు ఏళ్ల తరబడి గగ్గోలు పెడుతున్నారు. ఈ గోలలో యాజమాన్యం గోడు వినే నాథుడే లేకుండా పోయాడు. అవతలి పక్షం మాట వినకుండా తీర్పు చెప్పడం ధర్మం కాదు కనుక, బ్యాట్‌మన్ తరఫున వకాల్తా నేనే పుచ్చుకుంటున్నాను.

స్టెఫనీ బ్రౌన్ సంగతే చూడండి. చక్ డిక్సన్, టామ్ లైల్ సృష్టించిన ఈ పాత్ర 1992లో రంగంలోకి దిగింది. ఆమె తండ్రి క్లూమాస్టర్ తన నేరాలకు ఆధారాలు తానే వదిలివెళ్లే ఘనుడు. ఆయన పథకాలను చెడగొట్టడానికి కూతురు వంకాయ రంగు ముసుగు తగిలించుకుని స్పాయిలర్ అయింది. నేరస్థుడి ఇంటి పిల్ల. ఎవరి సిఫారసూ లేదు. ఇలాంటి అభ్యర్థిని ఏ యాజమాన్యం మాత్రం ఎర్రతివాచీ పరిచి పిలుస్తుంది?

అయినా బ్యాట్‌మన్ విశాల హృదయుడు. 2004లో అప్పటి రాబిన్ టిమ్ డ్రేక్ తండ్రికి కొడుకు రాత్రి ఉద్యోగం సంగతి తెలిసిపోయి మాన్పించేయడంతో రాబిన్ పోస్టు, అంటే బ్యాట్‌మన్ సహాయకుడి కొలువు, ఖాళీ అయింది. స్టెఫనీ రాబిన్ దుస్తులు తానే కుట్టుకుని నేరుగా బ్యాట్‌మన్ రహస్య స్థావరమైన గుహకు వెళ్లి నిలబడింది. ప్రధాన కథలో 1940 నుంచీ మగపిల్లలకే దక్కుతున్న ఆ పోస్టును ఆయన ఆమెకు ఇచ్చాడు. యూనిఫాం ఖర్చు సంస్థపై పడకపోవడం ఈ నియామకంలో గమనించదగిన విశేషం.

మూడు సంచికలు తిరిగేసరికి ఉద్యోగం ఊడింది. చెప్పిన చోట కదలకుండా ఉండమంటే, బ్యాట్‌మన్ దెబ్బలు తింటున్నాడని సాయానికి వెళ్లింది. ఆజ్ఞ మీరడంలో అంతకు ముందున్న ముగ్గురు రాబిన్లూ తక్కువవాళ్లేమీ కారని విమర్శకులు గుర్తుచేస్తారు. నిజమే. అయితే వాళ్లది చొరవ, ఈమెది క్రమశిక్షణా రాహిత్యం. ఈ తేడా తెలియనివారికి పరిపాలన గురించి మాట్లాడే అర్హత లేదు.

పోయిన కొలువు తిరిగి సంపాదించాలని స్టెఫనీ, బ్యాట్‌మన్ రాసిపెట్టుకున్న పథకం ఒకటి తీసి అమలు చేసింది. గోథమ్ నగరంలోని ముఠా నాయకులందరినీ ఒకచోటికి రప్పించి, వాళ్లను మ్యాచెస్ మలోన్ అనే వ్యక్తి అదుపులోకి తీసుకోవాలి. అందరూ వచ్చారు, మలోన్ తప్ప. ఎలా వస్తాడు? మలోన్ అంటే మారువేషంలోని బ్యాట్‌మన్. ఆ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. తొలగించిన ఉద్యోగికి రహస్య సమాచారం ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎందుకు చెప్పలేదంటారా? అప్పుడు అడగలేదు.

తుపాకులు పేలాయి, నగరం తగలబడింది, బ్లాక్ మాస్క్ అనే ముఠా నాయకుడి చేతికి చిక్కిన స్టెఫనీని చిత్రహింసలు పెట్టారు. ఆస్పత్రి మంచం మీద ఆమె బ్యాట్‌మన్‌ను అడిగింది ఒక్కటే, తాను నిజంగా రాబిన్‌నేనా అని. అవునన్నాడు. ఆ మాటకు రాతపూర్వక ఆధారం ఏదీ లేదు.

అసలు రభస ఆమె కన్నుమూసిన తర్వాతిది. రెండో రాబిన్ జేసన్ టాడ్ 1988లో చనిపోయాడు. అతడు బతకాలా వద్దా అని పాఠకులను ఫోనులో ఓటు అడిగితే చావుకు 5,343, బతుకుకు 5,271 వచ్చాయి. సర్పంచి ఎన్నికైతే 72 ఓట్ల తేడాకు రీకౌంటింగ్ అడిగి ఉండేవారు. ఆ అబ్బాయి దుస్తులను బ్యాట్‌మన్ గుహలో అద్దాల బీరువాలో పెట్టి, మంచి సైనికుడని ఫలకం కూడా బిగించాడు. స్టెఫనీకి బీరువా లేదు. అభిమానులు ఉద్యమమే లేవదీశారు.

వాళ్లలో ఒక్కరైనా గుహను పరిశీలించారా? అక్కడ నిలువెత్తుకు మించిన పెన్నీ నాణెం ఒకటి. పేద్ద జోకర్ పేకముక్క ఒకటి. వీటికి తోడు నిండు పరిమాణంలో ఒక యాంత్రిక డైనోసార్. ఇన్నిటి మధ్య ఒక అమ్మాయి దుస్తులు ఎక్కడ పెట్టమంటారు? డైనోసార్‌ను బయట పెడితే వానకు తుప్పు పట్టదా?

పైగా 2008లో ఆమె బతికే ఉందని తేలింది. డాక్టర్ లెస్లీ థాంప్‌కిన్స్ ఆమెను ఆఫ్రికాలో దాచిందట. తనకు ముందే అనుమానం ఉందని, బీరువా పెట్టనిది అందుకేనని బ్యాట్‌మన్ సెలవిచ్చాడు. దూరదృష్టి అంటే ఇదీ. జేసన్ విషయంలో మాత్రం ఈ దృష్టి పనిచేయలేదు. అతడూ తిరిగొచ్చాడు, బీరువా వృథా అయింది.

ఇదంతా ఒక్క బ్యాట్‌మన్ పద్ధతి అనుకునేవారు సూపర్‌మ్యాన్‌ను చూడాలి. 1959లో ఆయన బాబాయి కూతురు, పదిహేనేళ్ల సూపర్‌గర్ల్, గ్రహం దాటి భూమికి చేరితే, గోధుమరంగు విగ్గు పెట్టి, లిండా లీ అని పేరు మార్చి అనాథాశ్రమంలో చేర్పించాడు. తన దగ్గర ఉంచుకుంటే తన రహస్యం బయటపడుతుందట! మంచు ప్రాంతంలో ఆయనకో కోట ఉంది, అందులో స్నేహితులకు పేరుపేరునా గదులున్నాయి. బ్యాట్‌మన్‌కూ ఒక గది ఉంది. సొంత చెల్లెలికి ఆశ్రమం. ఆమె ఉనికిని లోకానికి చెప్పడానికి 1962 దాకా ఆగాడు. నేను వకాల్తా పుచ్చుకున్నది బ్యాట్‌మన్ ఒక్కడికే కనుక దీని గురించి ఇంతకు మించి మాట్లాడను.

స్టెఫనీకి 2009లో బ్యాట్‌గర్ల్ పదోన్నతి దొరికింది. 24 సంచికలు నడిచాక 2011లో ప్రచురణకర్తలు ఆ కథా ప్రపంచాన్నే మూసేసి కొత్తది తెరిచారు. కొత్త ప్రపంచంలో ఆమెకు చోటు దొరకడానికి 2014 దాకా పట్టింది. అప్పుడైనా క్లూమాస్టర్ కూతురిగా, మొదటి మెట్టు నుంచే. రాబిన్‌గా చేసిన పని, బ్యాట్‌గర్ల్ పదోన్నతి, ఆస్పత్రి మంచం, ఏవీ సర్వీసు లెక్కలోకి రాలేదు. పాత సర్వీసు కలపమని ఆమె దరఖాస్తు పెట్టుకోలేదు. అవేవీ జరిగినట్టు ఆమెకు గుర్తు లేకుండా యాజమాన్యం ముందే జాగ్రత్తపడింది.