కొప్పుకు కొలతెందుకట!

కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే అన్నారు. ఇంటికీ కొప్పుంటుంది. రెండు వాలులు నడినెత్తిన కలిసేచోటు రిడ్జ్, దాన్ని మూసే షింగిల్ (కప్పు మీద పెంకుల్లా పరిచే పలుచని పలక) ముక్కలు రిడ్జ్ క్యాప్‌లు. అవి ఎన్ని కావాలో ఎస్టిమేటు రాసే మహానుభావుణ్ణి అడిగి చూడండి. నేలమీదే నిలబడి, ఒక కన్ను మూసి, బొటనవేలు పైకెత్తి, గ్రహణం లెక్కగట్టే సిద్ధాంతిలా పెదాలు కదిపి సెలవిస్తాడు: “ఒక్క బండిల్ సరిపోద్దండీ.” నడుముకు టేపు వేలాడుతూనే ఉంటుంది, ఆభరణంలా.

ఆ వేలిని శంకించేంతటివాణ్ణి కాను. టేపు కంటే ముందు పుట్టింది, సీనియారిటీ దానిదే. ఏదో పనిలేక కాగితం మీద లెక్కేశాను. చూరు నుంచి చూరుకు 50 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, నాలుగు వైపులా ఒకే వాలున్న హిప్ కప్పు. 50లోంచి 30 పోతే రిడ్జ్ 20 అడుగులు. రిడ్జ్ క్యాప్ బండిల్ కొన్ని రకాల్లో 20 అడుగులకు వస్తుంది, కొన్నిట్లో 30 దాకా. కవరు మీదే రాసుంటుంది, చదవడం నామోషీ కానివారికి. అంటే సరిగ్గా ఒక్క బండిల్! వేలు గెలిచింది!

మరి రిడ్జ్ చివర్ల నుంచి నాలుగు మూలలకూ దిగే అంచులు, ఆ హిప్‌ల మాటేమిటి? వాటి నెత్తిన మబ్బులు కప్పుతాడా? 12 అంగుళాలకు 6 అంగుళాలు లేచే వాలుకి ఒక్కో హిప్ 22.5 అడుగులు. నాలుగూ కలిసి 90, రిడ్జ్‌తో 110. కోతకూ వృథాకూ పది శాతం వేసుకుంటే 121. ఆ 20 అడుగుల రకమైతే ఏడు బండిళ్లు.

ప్లాను మీద స్కేలు పెట్టి కొలిచే చదువరులూ ఉన్నారు. వారి హిప్ 21 అడుగుల చిల్లరకే ఆగిపోతుంది. కాగితం చదునుగా ఉంటుంది, కప్పు ఉండదు మరి. 12కి 12 లేచే వాలైతే అదే హిప్ 26 అడుగులు. ఇంకొకాయన కప్పు విస్తీర్ణంలో ఇంత శాతమని రాసేస్తాడు. అదే ఇల్లు, అదే వాలు, విస్తీర్ణమూ అంతే. రెండే వాలులుండే గేబుల్ కప్పుకి 50 అడుగుల క్యాప్ చాలు, హిప్ కప్పుకి 110 కావాలి. శాతం ఎవరికి సలాం కొట్టాలి?

సరే, మన వేలుగారి ఒక్క బండిలే పైకి చేరిందనుకుందాం. ముక్కకి 5 అంగుళాలు బయట కనబడేలా వేస్తే 20 అడుగులకు 48 ముక్కలు. పైనుంచి పనివాడు అరుస్తాడు, “అయిపోయాయన్నా!” కింద నుంచి ఆ అమరవాక్యం: “ఉన్నవాటితో సర్దెయ్ రా!” సర్దుదాం. 48 ముక్కలు, 110 అడుగులు. ముక్కకి 27.5 అంగుళాలు రావాలి. ముక్క పొడవే 12. కనక ఒక ముక్క, ఆ పక్కన 15.5 అంగుళాల ఆకాశం, మళ్లీ ఒక ముక్క, మళ్లీ ఆకాశం. వెంటిలేషన్‌కి వేరే ఖర్చు లేదు. రాత్రి పడుకునే నక్షత్రాలు లెక్కపెట్టుకోవచ్చు, వాటికీ సుమారు లెక్కే.

నవ్వులాట చాలు. నిజంగా జరిగేది ఇంతకంటే నీచం. ఐదు బండిళ్లు తెచ్చి, మిగతాది 5 అంగుళాలను 8కి సాగదీసి ముగిస్తారు. పక్క ముక్క కింద దాగాల్సిన మేకులు ఎండకీ వానకీ బయటపడతాయి. తుప్పు పట్టి, ఆ కన్నం వెంటే నీళ్లు దిగుతాయి. దొంగతనం కాకపోతే ఇదేమిటయ్యా? రెండు బండిళ్లు మిగుల్చుకోవడానికి మొత్తం ఇంటి నెత్తిన చిల్లులు పెడతావా? పైకెక్కి చూడలేని వాళ్లు నీ మాట నమ్మారు. వాళ్లకి తెలిసేది గదిలో మరక పడ్డాకే. అప్పటికి నువ్వు ఎక్కడో ఇంకో కప్పుకేసి ఒక కన్ను మూసుకుని నిలబడి ఉంటావు.

పిలిస్తే వచ్చాడు, కాదనను. మరకను తీరిగ్గా చూసి, సీలెంటు పెడితే చాలన్నాడు. ఎన్ని ట్యూబులని అడిగాను.

వేలు లేచింది.