కాథ్లీన్ కెన్నెడీని చంపింది శాపం కాదు

కెన్నెడీ కుటుంబానికి శాపం ఉందనే కథ ఎప్పుడో ఒకప్పుడు మీ కంట పడే ఉంటుంది. డాలస్‌లో హత్యకు గురైన అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీ, లాస్ ఏంజెలెస్‌లో హత్యకు గురైన తమ్ముడు రాబర్ట్, విమానంతో సహా అట్లాంటిక్‌లో మునిగిపోయిన కొడుకు జాన్ జూనియర్. ఈ జాబితాలో అందరూ ఒక్క లైనులో దాటేసే పేరు కాథ్లీన్. జాన్ కెన్నెడీ చెల్లెలు, ఇంట్లో అందరూ కిక్ అని పిలిచేవాళ్లు. 1948 మే 13న దక్షిణ ఫ్రాన్స్ కొండల్లో చిన్న విమానం కూలి, 28 ఏళ్లకే చనిపోయింది. ఆమెతో పాటు ఇంకో ముగ్గురు. శాపం అనే మాట వింటే నాకు కోపం ఎందుకొస్తుందంటే, అది చెవిన పడగానే విమానం ఎందుకు కూలిందని అడగడం మానేస్తాం. ఈ విమానం ఎందుకు కూలిందో చాలావరకు తెలుసు.

ఆమె జీవితం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ ప్రయాణం అర్థం కాదు. తండ్రి జోసెఫ్ 1938లో బ్రిటన్‌కు అమెరికా రాయబారిగా వెళ్లినప్పుడు లండన్‌తో ఆమెకు అనుబంధం ఏర్పడింది. యుద్ధం మధ్యలో రెడ్‌క్రాస్ పని మీద మళ్లీ అక్కడికే వెళ్లింది. 1944 మేలో డెవన్‌షైర్ డ్యూక్ పెద్ద కొడుకు బిల్లీ హార్టింగ్టన్‌ను రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకుంది. అతను ప్రొటెస్టెంట్. తల్లి రోజ్ పక్కా క్యాథలిక్, ఈ పెళ్లిని ఒప్పుకోలేదు. పుట్టింటి నుంచి వచ్చింది అన్న జో ఒక్కడే. ఆగస్టులో ఆ అన్న పేలుడు పదార్థాలు నింపిన విమానంతో పాటు గాల్లోనే పేలిపోయాడు. సెప్టెంబర్‌లో భర్త బెల్జియంలో తూటాకు బలయ్యాడు. కొన్నేళ్లకు పీటర్ ఫిట్జ్‌విలియం అనే బ్రిటిష్ ప్రభువుతో (ఎర్ల్) ప్రేమలో పడింది. ఈసారి గొడవ ఇంకా పెద్దది, ఎందుకంటే అతను ప్రొటెస్టెంట్ మాత్రమే కాదు, అప్పటికే పెళ్లయినవాడు, విడాకులు ఇంకా కాలేదు. తండ్రి ఎలాగైనా ఒప్పుకుంటాడని ఆమె ఆశ. ఆయన అప్పుడు పారిస్‌లో ఉన్నాడు. శనివారం ఆయన్ని కలవాలి. ఈలోగా రెండు రోజులు దక్షిణ ఫ్రాన్స్ తీరంలోని కాన్‌లో గడిపి వద్దామని గురువారం ఇంగ్లండ్ నుంచి బయల్దేరారు.

విమానం డి హావిలాండ్ డవ్. రెండు ఇంజన్లు, పూర్తి లోహపు బాడీ, 1945లో మొదటిసారి ఎగిరింది కాబట్టి అప్పటికి కొత్త మోడలే. అద్దెకు తీసుకున్నారు. పైలట్, ఇంకో సిబ్బంది, ప్రయాణికులు ఇద్దరు. లండన్ దగ్గరి క్రాయిడన్ విమానాశ్రయం నుంచి పారిస్ పక్కనున్న లె బూర్జే విమానాశ్రయానికి వెళ్లి, అరగంట ఆగి, ఇంధనం పోసుకుని కాన్‌కి వెళ్లాలని ప్లాన్. లె బూర్జేలో దిగాక ఫిట్జ్‌విలియం పారిస్‌లోని స్నేహితులకు ఫోన్ చేశాడు, అందరూ కలిసి లంచ్‌కి వెళ్లారు. అరగంట కాస్తా రెండు గంటలు దాటింది. ఈలోగా పైలట్‌కి వాతావరణ సమాచారం అందింది, రోన్ నది లోయ మీద పెద్ద ఉరుముల తుఫాను ఏర్పడుతోందని. ముందు అనుకున్న టైంకే బయల్దేరి ఉంటే దాన్ని దాటిపోయేవాళ్లు. ఇప్పుడు వెళ్తే సరిగ్గా దాని మధ్యకే. వెళ్లడం కుదరదని పైలట్ చెప్పాడు, వాదన జరిగింది, చివరికి విమానం లేచింది. జీవితచరిత్రలన్నీ ఈ లంచ్‌ని సరదా మనిషి చేసిన చివరి సరదాగా రాస్తాయి. నాకు మాత్రం ఆ రోజు మొత్తంలో అసలు ఘటన ఆ వాదనే అనిపిస్తుంది, అది మాత్రం ఒక పేరాలో అయిపోతుంది.

ఫిట్జ్‌విలియం ఎలాంటివాడో చూడండి. యుద్ధంలో మారుపేరుతో చిన్న పడవల మీద జర్మన్ నౌకాదళం కళ్లుగప్పి స్వీడన్ నుంచి బాల్ బేరింగులు బ్రిటన్‌కు చేర్చిన సాహసాల్లో పాల్గొన్నాడు, దానికి డీఎస్‌ఓ అనే బ్రిటిష్ సైనిక పతకం కూడా వచ్చింది. అలాంటి రిస్కులు తీసుకుని బయటపడిన మనిషికి ఒక ఉరుముల మబ్బు పెద్ద విషయంగా కనపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. పైగా దేశంలోనే పేరున్న ధనవంతుల కుటుంబం. ఎదురుగా ఉన్నది అద్దె విమానం నడిపే ఉద్యోగి. యుద్ధం అయిపోయాక బ్రిటన్‌లో వైమానిక దళం నుంచి బయటికి వచ్చిన పైలట్లకు కొదవ లేదు, విమానాలు అద్దెకిచ్చే చార్టర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. నువ్వు నడపకపోతే ఇంకొకడు నడుపుతాడు అని ఎవరూ పైకి అనక్కర్లేదు, ఆ మాట గాల్లోనే ఉంటుంది.

తర్వాత ఏం జరిగిందో శిథిలాలే చెప్పాయి. సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో ఆర్డెష్ జిల్లా మీదుగా మబ్బుల్లోకి వెళ్లారు. అలాంటి విమానాల్లో వాతావరణ రాడార్ లేదు, ముందు ఏముందో తెలీదు. క్యుములోనింబస్ అనే ఉరుముల మబ్బు లోపల ఒక పక్క గాలి విపరీతమైన వేగంతో పైకి లేస్తుంటే, ఆ పక్కనే అంతే బలంగా కిందికి దూకుతుంటుంది. చిన్న విమానం ఆ రెంటి మధ్యలో పడితే పైలట్‌కి ఏది పైనో ఏది కిందో తెలియని స్థితి వస్తుంది. మబ్బులోంచి బయటపడేసరికి విమానం ముక్కు నేలవైపు ఉంది, ఎదురుగా కొండ. ఎవరైనా చేసేదే చేశారు, కంట్రోల్‌ని గట్టిగా వెనక్కి లాగారు. ఆ వేగంలో అంత గట్టిగా లాగితే రెక్కల మీద పడే బరువు అవి మోయగలిగినదాన్ని మించిపోతుంది. విమానం గాల్లోనే ముక్కలైంది. సాం-బోజీల్ అనే ఊరి దగ్గర కొండ మీద పడింది, నలుగురిలో ఎవరూ మిగల్లేదు.

ఆ రోజుల్లో ఇదంతా ఎంత తెలుసనేది కూడా చూడాలి. సరిగ్గా 1946, 47 సంవత్సరాల్లోనే అమెరికాలో శాస్త్రవేత్తలు ఫ్లోరిడాలో, ఒహాయోలో పీ-61 యుద్ధ విమానాలను కావాలనే ఉరుముల మబ్బుల్లోకి పంపి లోపల గాలి ఎలా కదులుతుందో కొలిచారు. ఆ నివేదిక 1949లో వచ్చింది. అంటే లె బూర్జే పైలట్ దగ్గర ఆ లెక్కలు లేవు. కానీ అనుభవం ఉంది, వద్దనడానికి అది చాలు, అతను వద్దన్నాడు కూడా. చదువుతున్నప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

ప్రమాదం తర్వాత రెండు కుటుంబాలూ పరువు కాపాడుకునే పనిలో పడ్డాయి. ఇద్దరూ పరిచయస్తులని, ఆమెకు అనుకోకుండా ఆ విమానంలో చోటు దొరికిందని పత్రికల్లో వచ్చింది. కూతురి శవాన్ని గుర్తించడానికి తండ్రి ప్రమాదం జరిగిన చోటికి దగ్గర్లోని ప్రివా ఊరికి వెళ్లాడు. అంత్యక్రియలు అత్తింటివాళ్లు తమ ఎస్టేట్ చాట్స్‌వర్త్ దగ్గర జరిపించారు, పుట్టింటి నుంచి వచ్చింది తండ్రి ఒక్కడే, తల్లి రాలేదు. ప్రేమ వ్యవహారం దాచాలంటే ప్రయాణం గురించి ఎక్కువ మాట్లాడకూడదు, ప్రయాణం గురించి మాట్లాడకపోతే లంచ్ సంగతీ వాదన సంగతీ చర్చకు రావు. అలా ఖాళీగా వదిలేసిన చోటులోకి తర్వాతి రోజుల్లో శాపం వచ్చి కూర్చుంది.

ఇదే ఇంట్లో తర్వాతి ప్రమాదాలు చూస్తే శాపం కంటే పనికొచ్చే పోలిక ఒకటి దొరుకుతుంది. 1964 జూన్ 19న సెనేట్‌లో పౌర హక్కుల బిల్లు ఓటింగ్ అయ్యేదాకా ఆగి, రాత్రివేళ చార్టర్ విమానంలో పార్టీ సభకు బయల్దేరాడు జాన్ కెన్నెడీ చిన్న తమ్ముడు, సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ. పొగమంచులో దిగబోతూ విమానం మసాచుసెట్స్‌లోని ఒక ఆపిల్ తోటలో కూలింది, పైలట్, ఒక సహాయకుడు చనిపోయారు, ఎడ్వర్డ్ వెన్ను విరిగింది. 1999 జూలై 16న జాన్ జూనియర్ పగలే బయల్దేరదామనుకుని, ట్రాఫిక్ వల్లా ఇతర కారణాల వల్లా ఆలస్యమై, చీకటి పడ్డాక తానే నడుపుతూ సముద్రం మీదికి వెళ్లాడు. కేవలం పరికరాలు చూసి నడిపే లైసెన్సు అతనికి లేదు. మసక చీకట్లో దిక్కు తెలియక అదుపు తప్పాడని విచారణ తేల్చింది. మూడుసార్లూ ముందు ఆలస్యం. మూడుసార్లూ, ఈ రోజుకి వద్దులే అనుకోవడానికి దారి ఉన్నా ప్రయాణం ఆగలేదు.

మనకూ ఇది దూరపు కథేమీ కాదు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలి ఐదుగురు చనిపోయిన తర్వాతే క్యుములోనింబస్ అనే మాట మనలో చాలామంది మొదటిసారి విన్నాం. అక్కడ ఎవరైనా పైలట్‌ని తొందరపెట్టారని నేను అనడం లేదు. విచారణ కమిటీ చెప్పింది వేరే: గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెజర్ సమస్య మీద సిబ్బంది దృష్టంతా ఉండిపోవడం, అదే సమయంలో చెడ్డ వాతావరణంలోకి వెళ్లడం. కానీ ఆ నివేదికను ఎంతమంది చదివారు? కుట్ర అన్నవాళ్లు కొందరు, తలరాత అన్నవాళ్లు కొందరు. కెన్నెడీల విషయంలో శాపం చేసిన పనే ఇక్కడ ఈ రెండూ చేశాయి.

విమానం ఎక్కినంతసేపూ తుది నిర్ణయం పైలట్‌దేనని నేటి అంతర్జాతీయ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. రాతలో ఉన్నది నిజమవ్వాలంటే పైలట్ వద్దన్నందుకు అతనికి ఏ నష్టమూ ఉండకూడదు. ఎన్నికలొస్తే మన నాయకులు రోజుకి మూడు నాలుగు సభలకు హెలికాప్టర్‌లో తిరుగుతారు, సభ లేటైతే పక్కనున్నవాళ్లు సార్‌కి టైం అవుతోంది అంటారు. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు, ఫిట్జ్‌విలియంకీ లేదు. అందుకే షెడ్యూల్ వేసేటప్పుడే రోడ్డు మార్గం, ఆగాల్సిన చోటు రాసి పెట్టుకోవాలి, వాతావరణం వల్ల ప్రయాణం రద్దయినా కంపెనీకి ఇవ్వాల్సిన డబ్బు పూర్తిగా ఇవ్వాలి, వెళ్లాలా వద్దా అనే విషయం పైలట్‌తో కంపెనీ ఆపరేషన్స్ విభాగం తప్ప పార్టీవాళ్లు గానీ అధికారులు గానీ మాట్లాడకూడదని ఒప్పందంలోనే ఉండాలి. ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, విమానం అద్దెకు తీసుకునేవాళ్లు ఒప్పుకుంటే వచ్చే ఎన్నికల నుంచే మొదలుపెట్టొచ్చు.