రెండు సుమోలు చాలట!

మా బావ కారు ఇప్పుడే సందు మలుపు తిరిగింది. అది లేపిన దుమ్ము ఇంకా అణగలేదు, నా కోపమూ అణగలేదు.

నిన్న రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని 1995 నాటి 'అసాసిన్స్' చూశాం. స్టాలోన్ కిరాయి హంతకుల్లో నంబర్ వన్. వాడిని చంపి ఆ పీట మీద తాను కూర్చోవాలని బాండెరాస్‌కు ఆరాటం. ఎవరిని చంపాలో ల్యాప్‌టాప్‌లో కబురు వస్తుంది. పగ లేదు, పరువు లేదు, పొలం గట్టు తగాదా కూడా లేదు, డబ్బు కోసం చంపడమే. మా బావగారు దాన్ని "ఎంత పద్ధతిగా ఉంది!" అని మెచ్చుకుంటూ చూశారు.

చివర్లో స్టాలోన్ పోర్టోరికోలో ఒక బ్యాంకులోకి వెళ్లి కూర్చుంటాడు. ఎదుటి పాడుబడిన హోటల్లో బాండెరాస్ తుపాకీ గురిపెట్టి గంటల తరబడి కాచుకుంటాడు. ఉక్కకు చెమటలు కారి, ఓపిక చచ్చి, చివరికి తానే దిగి వెళతాడు. (నంబర్ వన్ కావాలనుకున్నవాడు ఆ మాత్రం వేడికే డీలా పడ్డాడు. మే నెలలో ఒక్క మధ్యాహ్నం మా మేడ మీద కూర్చోమనండి.) సరిగ్గా అక్కడే బావగారు సెలవిచ్చారు: "ఇంతసేపు కాపలా ఎందుకయ్యా? మీ కర్నూలులో అయితే రెండు సుమోలు చాలు కదా!"

అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. ఆమెది ఆదోని!

అమెరికావాడు డబ్బుకు మనుషులను చంపితే అది చదరంగం. మా వైపు ఫ్యాక్షనిస్టుగా వేషం కట్టినవాడు తెర మీద కొడవలి ఎత్తితే అది మా జిల్లా చరిత్ర. నాకు యాభై రెండేళ్లు. జీవితంలో సుమో ఎక్కింది రెండే సార్లు, ఒకసారి పెళ్లివారితో, ఒకసారి మహానందికి. రోజూ కొండారెడ్డి బురుజు ముందు నుంచే పనికి వెళతాను. అక్కడ నేను చూసిన అతి పెద్ద యుద్ధం ఒక ఆటో అతనికీ అరటిపండ్ల బండి ఆవిడకూ మధ్య జరిగింది. ఆవిడే గెలిచింది. కెమెరా పట్టుకుని వచ్చినవారికి మాత్రం ఆ బురుజు కనబడగానే ఎవరినో ఒకరిని తన్నాలనిపిస్తుంది.

ఇదే ఊరు 1953 అక్టోబరు 1 నుంచి ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. గుడారాలు వేసి ప్రభుత్వాన్ని నడిపారు. 1937లో మద్రాసులోని శ్రీబాగ్ అనే ఇంట్లో కోస్తా, రాయలసీమ పెద్దలు కూర్చుని రాసుకున్న ఒడంబడిక ఉండబట్టి ఆ మాత్రమైనా దక్కింది. 1956లో అందరూ మూటా ముల్లే సర్దుకుని హైదరాబాదు వెళ్లిపోయారు. దాన్ని ఎవరు సినిమా తీస్తారు? అందులో కొడవళ్లు లేవు, సంతకాలే ఉన్నాయి.

అన్నట్టు, బావగారిదీ హైదరాబాదే. పొద్దున అమ్మ చేసిన ఉగ్గాని, బజ్జీలు మూడుసార్లు వడ్డించుకున్నారు. వచ్చిన ప్రతిసారీ కర్నూలు సోనా బియ్యం రెండు బస్తాలు కారులో పడాల్సిందే. నేను బస్తా భుజాన వేసుకుని వెళితే, డిక్కీ తెరిచి "బాంబులేమీ లేవు కదా?" అన్నారు. మా అక్క "ఊరుకోండి" అంటూనే నవ్వింది.

నేనేమన్నానో తెలుసా? "ఇంకా చోటుంది బావా" అని మూడో బస్తా కూడా ఎత్తాను.