పేదల అపార్టుమెంట్లు: లిఫ్టు ఖర్చు ఎవరు భరించాలి?

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో పేదల కోసం కట్టిన ప్రూయిట్-ఐగో గృహ సముదాయాన్ని 1972లో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చడం మొదలుపెట్టారు. అప్పటికి ఆ భవనాల వయసు ఇరవై ఏళ్లు కూడా లేదు. పదకొండు అంతస్తుల బ్లాకు దుమ్ములోకి కుంగిపోతున్న ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. మరో ఐదేళ్లకు ఒక వాస్తుశిల్ప విమర్శకుడు ఆధునిక వాస్తుశిల్పం ఆ రోజే మరణించిందని ప్రకటించాడు. పేదల్ని అంతస్తుల మీద అంతస్తుల్లో పెడితే ఇలాగే అవుతుందని చెప్పదలచుకున్న వారందరికీ నాటి నుంచి నేటి దాకా ఆ ఫొటోయే సాక్ష్యం. అది తొందరపాటు తీర్పని, దానివల్ల అసలు కారణాలు యాభై ఏళ్లుగా మరుగున పడ్డాయని నా అభిప్రాయం. హైదరాబాద్ శివార్లలోనూ, ఆంధ్రప్రదేశ్ పట్టణాల అంచుల్లోనూ వేల కుటుంబాలు ఇలాంటి బ్లాకుల్లో గృహప్రవేశం చేశాయి కాబట్టి ఆ కారణాలతో మనకు నేరుగా పని ఉంది.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఐరోపా నగరాల్లో ఎన్నో కార్మిక కుటుంబాలు గాలీ వెలుతురూ చొరని ఒంటి గదుల్లో, పలు ఇళ్లకు కలిపి ఒకే మరుగుదొడ్డితో బతికేవి. ఆధునికవాద వాస్తుశిల్పానికి ఆద్యుల్లో ఒకడైన లె కార్బూజియే, ఆయన తరం ఆర్కిటెక్టులు దీనికి సూటి పరిష్కారం చూపారు. ఇళ్లను ఒకే కొలతతో, ఫ్యాక్టరీ పద్ధతిలో, పెద్ద సంఖ్యలో తయారు చేయాలి. బ్లాకులను ఎత్తుగా లేపి వాటి నడుమ నేలను చెట్లకూ పిల్లల ఆటలకూ వదిలేయాలి. ప్రతి ఇంటికీ ఎండ తగలాలి. అలంకరణలు తీసేయడం వారికి ఒక సౌందర్య సూత్రం. అదే సూత్రంలో ప్రభుత్వాలకు ఖర్చు తగ్గించుకునే దారి కనిపించింది. ఈ ఉద్యమం ఇంత త్వరగా ప్రపంచమంతా పాకడానికీ, తర్వాత అప్రతిష్ఠ పాలు కావడానికీ ఈ పొత్తే కారణం. అయినా దాని విజయాన్ని తక్కువ చేసి చూడకూడదు. 1950ల చివరి నుంచి సోవియట్ యూనియన్‌లో కోట్లాది మంది ఉమ్మడి ఫ్లాట్ల నుంచి ఐదంతస్తుల కాంక్రీటు ఇళ్లలోకి మారారు. తలుపు వేసుకుంటే పూర్తిగా తమదే అయిన వంటగది, స్నానాల గది వారిలో చాలామందికి అదే మొదటిసారి. ఆ ఇళ్లు ఐదో అంతస్తు దగ్గరే ఆగడానికి కారణం లిఫ్టు ఖర్చు తప్పించుకోవడం.

సెయింట్ లూయిస్‌లో లిఫ్టు పెట్టారు, కానీ సగం సగంగా పెట్టారు. 57 ఎకరాల్లో 33 బ్లాకులు, సుమారు 2,870 ఫ్లాట్లతో ఆ సముదాయం 1954 నుంచి 1956 మధ్య పూర్తయింది. ఆర్కిటెక్ట్ మినోరు యమసాకి మొదట తక్కువ ఎత్తు ఇళ్లనూ పెద్ద బ్లాకులనూ కలిపి ప్లాను వేశాడు. ఇంటికి ఇంత మించకూడదని కేంద్ర గృహనిర్మాణ సంస్థ పెట్టిన ఖర్చు పరిమితిలో అది ఇమడలేదు. చివరికి అన్నీ ఒకే ఎత్తు బ్లాకులయ్యాయి. లిఫ్టులు ఒకటి, నాలుగు, ఏడు, పది అంతస్తుల్లోనే ఆగేవి. ఆరో అంతస్తులో ఉండే తల్లి చంకలో బిడ్డతో, చేతిలో సరుకుల సంచితో ఏడో అంతస్తులో దిగి, మెట్ల దారిలో ఒక అంతస్తు కిందికి నడవాలి. ఆ మెట్ల దారుల్లోనే తర్వాత దోపిడీలు జరిగాయి. నేల అంతస్తులో కట్టాల్సిన మరుగుదొడ్లను పొదుపు పేరుతో తీసేశారు. ఆడుకునే పిల్లలకు పైకి వెళ్లే వ్యవధి ఉండేది కాదు, లిఫ్టులు కంపుకొట్టేవి. తలుపుల గడియలు, పిడులు నాసిరకానివి. ఆవిరి గొట్టాలకు తొడుగు లేక వాటిని తాకిన పిల్లలకు కాలిన గాయాలయ్యేవి.

ఇంతకంటే పెద్ద లోపం డబ్బు ఏర్పాటులో ఉంది. నిర్మాణానికి కేంద్రం పెట్టుబడి ఇచ్చింది. నిర్వహణ మాత్రం అద్దెకుండేవారు కట్టే డబ్బుతోనే సాగాలి. ఇళ్లు నిండుగా ఉన్నంతకాలం, ఉన్నవారికి ఉద్యోగాలున్నంతకాలం ఆ లెక్క నడుస్తుంది. 1950లో 8,56,000 దాటిన సెయింట్ లూయిస్ జనాభా 1970 నాటికి 6,22,000కు పడిపోయింది. తెల్లవారికి ప్రభుత్వ హామీతో గృహరుణాలిచ్చి శివార్లకు పంపిన విధానమూ కేంద్రానిదే, నల్లవారి కోసం నగరం నడుమ బ్లాకులు కట్టించిన విధానమూ కేంద్రానిదే. ఉద్యోగాలు తెల్లవారి వెంట శివార్లకు వెళ్లిపోయాయి. 1957లో 91 శాతం దాకా నిండిన సముదాయం అక్కడి నుంచి ఖాళీ అవుతూ వచ్చింది. ఖాళీ అయిన ప్రతి ఇంటితో అద్దె రాబడి తగ్గింది. రాబడి తగ్గితే మరమ్మతులు ఆగాయి, మరమ్మతులు ఆగితే ఇంకొందరు వెళ్లిపోయారు, ఉన్నవారిపై అద్దె పెంచారు. సంక్షేమ భృతి తీసుకునే ఇంట్లో పనిచేయగల మగవాడు ఉండకూడదన్న నిబంధన తండ్రులను బయటికి పంపింది. 1969లో మహిళలు ముందు నిలిచి నెలల తరబడి అద్దె కట్టకుండా సమ్మె చేశారు. అప్పటికే ఆలస్యమైంది. శీతాకాలంలో నీటి గొట్టాలు పగిలి మెట్ల మీద మంచు గడ్డకట్టిన భవనాల్లో జనం ఎన్నాళ్లుంటారు?

ఇంత చెప్పినా డిజైన్‌కు దోషం లేదని నేను అనను. ప్రూయిట్-ఐగోకు వీధి అవతలే కార్ స్క్వేర్ విలేజ్ అనే పాత ప్రభుత్వ కాలనీ ఉండేది. అక్కడా దాదాపు అంతే పేదవారు, కానీ ఇళ్లు తక్కువ ఎత్తువి. అక్కడ నేరాలు తక్కువని, ఇళ్లు నిండుగా ఉన్నాయని ఆస్కార్ న్యూమన్ అనే ఆర్కిటెక్ట్ 1972లో ఎత్తి చూపాడు. ఇరవై కుటుంబాలు వాడే వరండాను ఎవరూ తమదనుకోరని, రెండు కుటుంబాలు వాడే మెట్లను ఇద్దరూ చూసుకుంటారని ఆయన వాదన సారాంశం. ఇందులో నిజముంది. అయితే అదే నగరంలో, యమసాకి భాగస్వామిగా ఉన్న సంస్థే గీసిన కాక్రన్ గార్డెన్స్ అనే మరో బహుళ అంతస్తుల సముదాయం ఉండేది. 1970ల మధ్యలో బెర్తా గిల్కీ నాయకత్వంలో అక్కడి నివాసులే దాని నిర్వహణను చేతిలోకి తీసుకున్నారు. అంతస్తుకొకరు బాధ్యత వహించారు, నిధుల మీద అధికారం సాధించారు. ఆ సముదాయం ప్రూయిట్-ఐగో కంటే మూడు దశాబ్దాలు ఎక్కువ నిలిచింది. ఎత్తైన బ్లాకుకు పర్యవేక్షణ ఎక్కువ కావాలి. ఆ పర్యవేక్షణకు డబ్బూ అధికారమూ ఎవరిచ్చారన్నది న్యూమన్ లెక్కలో తక్కువగా కనిపించే విషయం.

ఎత్తు పెంచాలన్న తొందర అన్నిచోట్లా ఆర్కిటెక్టులదే కాదు. బ్రిటన్‌లో 1956 నాటి చట్టం అంతస్తులు పెరిగేకొద్దీ స్థానిక సంస్థలకు ఎక్కువ సబ్సిడీ ఇచ్చింది, అవి టవర్ల మీద టవర్లు లేపాయి. 1968 మేలో లండన్‌లోని 22 అంతస్తుల రోనన్ పాయింట్‌లో, జనం చేరిన రెండు నెలలకే, ఒక వంటగదిలో గ్యాస్ పేలి భవనం మూల మొత్తం పేకముక్కల్లా ఒకదానిపై ఒకటి కూలింది. నలుగురు మరణించారు. ముందే పోతపోసిన ప్యానెళ్లను కలిపే అతుకుల్లోనే ఆ లోపం ఉంది. అవసరానికి కాకుండా సబ్సిడీ షరతుకు తగినట్టు కడితే నాణ్యత ఎక్కడ తెగుతుందో ఆ అతుకులు చూపించాయి.

ఇప్పుడు సింగపూర్ చూద్దాం. అక్కడి గృహాభివృద్ధి మండలి, అంటే హెచ్‌డీబీ, 1960లో ఏర్పడింది. మరుసటి ఏడాది బుకిట్ హో స్వీ గుడిసెల్లో మంటలు చెలరేగి సుమారు 16 వేల మంది నిరాశ్రయులయ్యారు. ఆ బూడిద మీదే నెలల్లో బ్లాకులు లేచాయి. మొదటి ఐదేళ్లలో 50 వేలకు పైగా ఇళ్లు పూర్తయ్యాయి. ఆ తొలి బ్లాకుల ఫొటోలను సెయింట్ లూయిస్ ఫొటోల పక్కన పెడితే పెద్ద తేడా కనిపించదు: అవే పొడుగాటి వరండాలు, అవే ఇరుకు గదులు, అదే నిరాడంబర కాంక్రీటు. లిఫ్టులు కొన్ని అంతస్తుల్లోనే ఆగడం కూడా అక్కడ ఉంది. సింగపూర్ ఆ బ్లాకుల్లో చాలా వాటిని కూల్చకుండా 2001లో ఒక కార్యక్రమం చేపట్టి, కొత్త లిఫ్టు గోపురాలు కట్టి, సాధ్యమైన ప్రతిచోటా అన్ని అంతస్తుల్లోనూ లిఫ్టు ఆగేలా మార్చింది. వృద్ధులు ఎక్కువైన కాలనీల్లో అది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. ఖర్చులో సింహభాగం ప్రభుత్వానిదే, స్వల్ప వాటా నివాసులది.

ఇది ఎలా సాధ్యమైందన్నదే అసలు విషయం. 1964 నుంచి ఇళ్లను అద్దెకు బదులు అమ్మడం మొదలుపెట్టారు. 1968 నుంచి భవిష్యనిధి పొదుపుతో వాయిదాలు కట్టుకోనిచ్చారు. పౌరులు, శాశ్వత నివాసుల్లో సుమారు 80 శాతం ఈ ఇళ్లలోనే ఉంటారు కాబట్టి అవి పేదల వాడలుగా ముద్రపడలేదు. గుమాస్తా, టీచరు, ఇంజనీరు ఒకే లిఫ్టు ఎక్కుతారు. ప్రతి కుటుంబం నెలనెలా నిర్వహణ రుసుము కడుతుంది. చిన్న ఫ్లాటుకు రుసుము తక్కువ, తగ్గిన మేరకు ఈ బ్లాకులను నిర్వహించే టౌన్ కౌన్సిళ్లకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. అందులో నిర్ణీత వాటా లిఫ్టులూ పైకప్పులూ మార్చడానికి ప్రత్యేక నిధిలోకి వెళ్లడం చట్టపరమైన విధి. వాయిడ్ డెక్ అని పిలిచే ఖాళీ నేల అంతస్తు గురించి కూడా చెప్పాలి. అదే స్తంభాల మధ్య శనివారం మలయ్ కుటుంబం పెళ్లి విందు పెడుతుంది, మరో రోజు చైనీస్ కుటుంబం తమ పెద్దాయన భౌతికకాయాన్ని ఉంచి బంధువులను కూర్చోబెడుతుంది. ఎవరిదీ కాని జాగా అని ప్రూయిట్-ఐగోలో నిందపడిన స్థలం ఇక్కడ అందరిదీ అయింది, ఎందుకంటే దాన్ని రోజూ ఊడ్చే మనిషి ఉన్నాడు, ఆ మనిషికి జీతం వస్తోంది. సింగపూర్‌ను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. అక్కడ కంపోంగ్ ఊళ్లను బలవంతంగా ఖాళీ చేయించారు, భూసేకరణ చట్టం కఠినమైనది, 1989 నుంచి ఏ బ్లాకులో ఏ జాతి వారు ఎంతమంది ఉండాలో కోటాలున్నాయి, 99 ఏళ్ల లీజు తీరిపోతుంటే ఇంటి విలువ ఏమవుతుందన్న ఆందోళన ఉంది. అయినా కట్టినదాన్ని అరవై ఏళ్లు నడిపిన తీరు మాత్రం నేర్చుకోదగ్గది.

పాతబడిన బ్లాకును ఏం చేయాలన్న ప్రశ్నకు ఫ్రాన్స్ నుంచి మంచి జవాబు వచ్చింది. బోర్డోలోని గ్రాండ్ పార్క్‌లో 1960ల నాటి మూడు బ్లాకుల్లో 530 ఇళ్లున్నాయి. ఆన్ లకాటన్, జాన్-ఫిలిప్ వసాల్ అనే ఆర్కిటెక్టులు తమ సహచరులతో కలిసి ఆ బ్లాకుల గోడలకు ఆనించి లోతైన అద్దాల వసారాలు, బాల్కనీలు కొత్తగా కట్టారు, లిఫ్టులు మార్చారు. పని జరుగుతున్నంతకాలం కుటుంబాలు తమ ఇళ్లలోనే ఉన్నాయి. చిన్న కిటికీ ఉన్నచోట పెద్ద తలుపు తెరుచుకుని, దాని అవతల కుర్చీలూ మొక్కలూ బట్టల తీగా పెట్టుకునే జాగా వచ్చింది. ఆ జంటకు 2021లో వాస్తుశిల్పులకిచ్చే ప్రఖ్యాత ప్రిట్జ్‌కర్ పురస్కారం లభించింది.

ఇక మన సంగతి. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన డబుల్ బెడ్రూం సముదాయంలో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు ఉన్నాయి. అంటే ప్రూయిట్-ఐగోకు ఐదు రెట్లకు పైగా. ఇళ్లు 560 చదరపు అడుగులవి, గాలీ వెలుతురూ ఉన్నవి. లబ్ధిదారులపై పైసా భారం వేయకుండా ఇచ్చిన ఇళ్లవి. ఇది నిజమైన మేలు, దాన్ని ఏ పార్టీ చేసినా మెచ్చుకోవాలి. కానీ లబ్ధిదారులు హైదరాబాద్ బస్తీల వారు. ఇళ్లేమో నగరం నడిబొడ్డుకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. నాలుగిళ్లలో పనిచేసే మహిళకు, అడ్డా మీద నిలబడే కూలికి, రాత్రి బండి నడిపే ఆటో డ్రైవరుకు పని దొరికే చోటే బతుకు. రానుపోను ఛార్జీలు అద్దె మిగులును మింగేస్తే, ఇంటికి తాళం వేసి తిరిగి బస్తీకి చేరడం వారి దృష్టిలో తెలివైన నిర్ణయమే. అలా ఖాళీ అయిన ఇంటి నుంచి నిర్వహణ రుసుము వసూలు చేయడం ఎంత కష్టమో సెయింట్ లూయిస్ చెబుతుంది. అదే హైదరాబాద్‌లో, 2015లో ప్రారంభించిన ఐడీహెచ్ కాలనీ పాత కాలనీ ఉన్నచోటే, నేల మీద రెండంతస్తులతో, 396 కుటుంబాలకు కట్టినది. బడి, పని, చుట్టాలు, అప్పిచ్చే కిరాణా కొట్టు ఏదీ మారలేదు. ఆ నమూనా వందల బస్తీల్లో ఎందుకు విస్తరించలేదన్నది అప్పుడు అధికారంలో ఉన్నవారినీ ఇప్పుడు ఉన్నవారినీ అడగాల్సిన ప్రశ్న. నగరంలోని భూమి విలువ చూసి వెనక్కి తగ్గామంటే ఆ మాట బయటికే చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఈ వాదనను మరో వైపు నుంచి బలపరుస్తుంది. టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో, నేల మీద మూడంతస్తులుగా కట్టినవి. ఎన్నో పట్టణాల్లో గోడలూ పైకప్పులూ లేచాక కూడా రోడ్డు, నీరు, మురుగు కాలువ రాక ఏళ్ల తరబడి తాళాలు పడి ఉన్నాయి. ప్రభుత్వం మారిన ప్రతిసారీ ప్రాధాన్యం మారింది. ఆ తర్వాత పట్టణ పేదలకు సెంటు స్థలాలిచ్చి కాలనీలు వేశారు. అవి అంతస్తులు లేని సొంత ఇళ్లు, ఆధునికవాద బ్లాకులకు పూర్తిగా భిన్నమైనవి. అయినా ఊరికి దూరంగా, వాన పడితే నీళ్లు నిలిచే పల్లపు నేలల్లో వేసిన చోట్ల జనం చేరలేదు. బ్లాకు రూపమే దోషమైతే ఈ సెంటు కాలనీలు కళకళలాడాలి. తెలంగాణ కూడా ఇప్పుడు సొంత జాగా ఉన్నవారికి ఐదు లక్షలిచ్చే ఇందిరమ్మ ఇళ్ల వైపు మళ్లింది. జాగా ఉన్న పల్లెవాసులకు అది సరైన సాయం. బస్తీలో అద్దెకుండేవారికి సొంత జాగా ఎక్కడుంటుంది? వారికి అంతస్తుల ఇల్లు తప్పదు, అది నగరంలోనే ఉండాలి.

కట్టేసిన బ్లాకుల విషయంలో చేయాల్సింది స్పష్టంగానే ఉంది. నిర్వహణను లబ్ధిదారుల సంఘాల మెడకు చుట్టి చేతులు దులుపుకోకుండా, ఇంటికింత చొప్పున మూలనిధిని ప్రభుత్వమే జమచేసి, దాని వడ్డీనీ నెలవారీ చిన్న రుసుమునూ బ్లాకు సంఘానికి అప్పగించాలి. లెక్కలు మెట్ల దగ్గర బోర్డు మీద కనపడాలి. నిర్వహణ ఖర్చుకు సముదాయంలోని దుకాణాల అద్దె మీద ఆధారపడడం తోడ్పాటుగా పనికొస్తుంది గానీ, జనం నిండని చోట దుకాణాలూ నిండవు. సాధారణంగా ఒక లిఫ్టు జీవితకాలం ఇరవై నుంచి పాతికేళ్లు. కొల్లూరులో 2023లో నడవడం మొదలైన లిఫ్టులన్నిటినీ దాదాపు ఒకేసారి, 2040ల మధ్యలో మార్చాల్సి వస్తుంది. ఆ ఖర్చుకు వచ్చే బడ్జెట్‌లోనే ఒక పద్దు తెరిచి, ఏటా కొంత అందులో వేయడం మొదలుపెట్టాలి.