సవరణ: డీబీ4 అల్యూమినియం రేకుల గురించి
1958–63 మధ్య తయారైన బ్రిటిష్ కారు ఆస్టన్ మార్టిన్ డీబీ4 పునరుద్ధరణపై గతంలో రాస్తూ, బాడీ రేకులు అల్యూమినియంవి కాబట్టి తుప్పు బెడద ఉక్కు భాగాలకే పరిమితమని చెప్పాను, అది తప్పు. మిలాన్‌కు చెందిన, కారు బాడీలు తయారుచేసే టూరింగ్ సంస్థ రూపొందించిన సూపర్‌లెజెరా పద్ధతిలో సన్నని ఉక్కు గొట్టాల మీద ఈ రేకులను తొడుగుతారు. రెండు లోహాలూ ఆనుకున్న చోట తడి చేరితే ముందుగా తినేసుకుపోయేది అల్యూమినియమే: పెయింటు పొక్కులు లేస్తుంది, గోటితో గీరితే తెల్లటి పొడి రాలుతుంది. ఎర్ర తుప్పు కోసం వెతికే కంటికి ఇది ఆనదు, నాకూ ఆనలేదు. కనుక రేకులు విప్పకుండానే గొట్టాలకు రంగు వేయవచ్చన్న సలహాను ఉపసంహరించుకుంటున్నాను. రేకు విప్పి, గొట్టాన్ని శుభ్రం చేసి, రెండు లోహాలూ తగలకుండా మధ్యలో తడి పీల్చని పొర వేయాలి. గొట్టాలే కారు బరువు మోస్తాయని అప్పుడు నేను రాసిన మాటా సరికాదు. ఆ పని అడుగున ఉన్న ఉక్కు ప్లాట్‌ఫాం ఛాసిస్‌ది (కారుకు ఆధారమైన చట్రానిది).