పూర్తిగా ఏకీభవిస్తున్నాను

కాలేజీ పిల్లలకు ఉద్యోగాలు ఎందుకు రావడం లేదన్న చిక్కుముడి ఎట్టకేలకు వీడింది. ఉద్యోగాలు తక్కువై కాదు, సిలబస్ పాతదై అసలే కాదు. తప్పంతా వాళ్ల వ్యక్తిత్వానిది. ఇన్నాళ్లూ పాఠాలు చెప్పి కాలం వృథా చేసినందుకు మనమే సిగ్గుపడాలి.

అదృష్టం కొద్దీ వ్యక్తిత్వాన్ని ఓ ప్రశ్నల ఫారంతో కొలవొచ్చు. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంగ్లిష్ నిఘంటువు ముందేసుకుని, మనిషి తీరును చెప్పే మాటలు దాదాపు 18 వేలు ఏరారు. తర్వాతివాళ్లు వడగట్టి వడగట్టి ఐదు గుణాలకు తెచ్చారు. వాటిలో ఉద్యోగానికి బాగా అక్కరకొచ్చేది పనిలో శ్రద్ధ అని 1991లో బారిక్, మౌంట్ అనే పరిశోధకులు బోలెడన్ని పరిశోధనలు కలిపి లెక్కగట్టారు. ఈ మాత్రం మా అమ్మమ్మ చెప్పలేదా అనకండి. అమ్మమ్మ దగ్గర గ్రాఫులు లేవు.

మొన్న పక్కింటి కుర్రాడు కాలేజీవాళ్లిచ్చిన అలాంటి వ్యక్తిత్వ పరీక్ష ఫారం నింపుతుంటే దగ్గరుండి చూశాను. ‘అప్పగించిన పని గడువులోగా పూర్తి చేస్తాను.’ కళ్లు మూసుకుని ‘పూర్తిగా ఏకీభవిస్తున్నాను’ కొట్టాడు. ఫారం గడువు అంతకుముందు శుక్రవారమే అయిపోయింది. ‘చిన్న విషయాలకే టెన్షన్ పడతాను’ దగ్గర ఆగి, గోళ్లు కొరుక్కుంటూ నాలుగు నిమిషాలు ఆలోచించి, ‘అస్సలు ఏకీభవించను’ అన్నాడు. చివరికి నావైపు తిరిగి, “అంకుల్, దేనికేం పెడితే ఎక్కువ మార్కులొస్తాయి?” అనడిగాడు. వీడు ఉద్యోగానికి సిద్ధమేనని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

రిపోర్టు వచ్చింది. మీలో వాడుకోని శక్తి చాలా ఉందట, పైకి నిబ్బరంగా కనిపించినా లోపల కాస్త బెరుకట. “అచ్చం నేనే!” అని కరిగిపోయాడు. 1948లో ఫోరర్ అనే మాస్టారు ఇలాంటి వాక్యాలే రాశిఫలాల పుస్తకంలోంచి ఏరి, ఎవరిది వాళ్లకేనని చెప్పి, 39 మంది విద్యార్థులకూ ఒకే కాగితం పంచాడు. పిల్లలు దానికి ఐదుకు సగటున 4.26 వేశారు. ఇది పరీక్షల డొల్లతనమని కొందరంటారు. నాకైతే ఇందులో పొదుపు కనిపిస్తోంది. ఒక్కటి రాయించి మిగతావి జిరాక్స్ తీయిస్తే సరి.

శ్రద్ధ తక్కువని తేలినవాళ్లకు కాలేజీ రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టింది. ఇరవై ఏళ్ల స్వభావం శనివారం పొద్దున మొదలై ఆదివారం సాయంత్రానికి మారిపోవాలి, మధ్యలో టీ బ్రేకులు పోను. తొలి క్లాసు సమయపాలన మీద, తొమ్మిదింటికి. ట్రైనర్ పదిన్నరకు వచ్చారు. మావాడు పదకొండుకు వెళ్లాడు. సర్టిఫికెట్ మాత్రం ముందురోజే ప్రింటయింది.